ముందు నడిచే అమ్మ

మా ఎదురింటి చిత్రకారిణి కన్నుమూశారు. నేడు ఆమె పెద్దకర్మ. వెళ్ళినవారిని పితృదేవతల దారికి అప్పగించి, ఉన్నవారు మళ్ళీ తమ దారి పట్టే దినమిది. ఆ అప్పగింతకు ముందు ఆమెను ఒకమారు మనసారా తలచుకోవడం పొరుగువాడిగా నా ధర్మం.

తెల్లాపూర్‌లో మా గుమ్మాలు ఎదురెదురు. వేకువ మంచులో గచ్చిబౌలి అద్దాల మేడలు నేలను విడిచి తేలుతున్నట్టు కనిపించే వేళ, ఆమె బాల్కనీలో కుంచె పట్టేవారు. ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ గీసినది ఒక్క బొమ్మే. నెత్తిన సద్దిగంపతో కాలిబాట వెంట నడిచిపోతున్న స్త్రీ, వెనుకనుంచి. మడమలతో మొదలుపెట్టి, చీర అంచు, నడుము, చివరికి కొప్పు.

తొలిసారి చూసినప్పుడు, కావ్యాలు చదివిన అలవాటు కొద్దీ, "ఈమె మానవతి. అలిగి మొగం తిప్పుకొన్నది" అన్నాను.

ఆమె నవ్వారు. "అలుగుడా? మా అమ్మకు అలిగే తీరిక యాడిది సారూ. నాయినకు సద్ది అందియ్యాలె గద."

ఆ మేడలున్న చోటనే ఒకప్పుడు వారి జొన్నచేను. పసితనంలో తల్లి వెంట నడిచేవారు. ఊహ తెలిసీ తెలియని వయసులోనే ఆ తల్లి పోయింది. ఒక్క ఫోటో అయినా లేదు. "ఎనక నడిచిన గద, వీపే యాదికున్నది. ముఖం లేదు. గీసుకుంట పోతే ఎన్నడన్న తిరుగుతదేమో అని గీస్తున్న" అన్నారు. ఉపాసన అనే మాటకు అర్థం నాకు ఆ పూట కళ్ళెదుట కనిపించింది.

పై అంతస్తులోని సాఫ్ట్‌వేర్ అమ్మాయి, కోస్తా పిల్ల, చూసినప్పుడల్లా ఆటపట్టించేది. "ముఖం ఇంకా లోడ్ అవుతోందాండీ ఆంటీ?"

"అయితది బిడ్డా. మా అమ్మ జర నిదానం."

"పోనీ అద్దంలో చూసుకుని మీ ముఖం పెట్టేయండి."

"నా ముఖం నాకు తెల్వదా? నాకు ఆమెది గావాలె."

ఆ మాటలో విసుగు లేదు. వేచి ఉండటం ఆమెకు ఊపిరి వంటిది.

నిన్న వారి అమ్మాయి నన్ను లోనికి పిలిచి చివరి బొమ్మ చూపింది. మడమలు అవే, బాట అదే. మెడ మాత్రం కొద్దిగా వాలింది. గంప ఒక పక్కకు ఒరిగింది. కొప్పు పక్కన, విదియనాటి చంద్రరేఖ వలె, చెక్కిలి అంచు.

"దవాఖానకు పోయే పొద్దున గీసింది సారూ" అన్నది ఆ అమ్మాయి. "'పిలిచిన, ఇన్నది' అన్నది. గంతే."

ఈ బాటన వెనుక నడిచి వచ్చే బిడ్డలెవరైనా సరే, వారు పిలిచిన పిలుపు ముందు నడిచేవారికి వినబడుగాక. ఒక్కమారు వెనుదిరిగి చూతురుగాక.