పెరిగే పిల్లకు తుపాకీ

పెరిగే పిల్ల కదా అని తుపాకీ కూడా ఒక సైజు పెద్దదే కొంటారా మీరు? మా నాన్న కొనబోయాడు. నిన్న మా అన్న కూతురికి ఎయిర్ రైఫిల్ చూస్తుంటే, దానికి రాసిన నూనె వాసనకు, మేం మస్కట్‌లో ఉన్నప్పటి, పద్దెనిమిదేళ్ల కిందటి ఒక సాయంత్రం గుర్తొచ్చింది.

నాకప్పుడు పదేళ్లు. షూటింగ్ రేంజ్‌లో నాకు కొనడానికి నాన్న పెద్దవాళ్ల రైఫిల్ ఎంచాడు. “వచ్చే ఏడాదికి సరిపోతది.” ఎత్తగానే నా చేతులు వణికాయి. అది భయమే అనుకున్నాను. పిరికిదాన్నని తేలితే నేర్పరేమోనని ఏడుపొచ్చింది.

“గట్టిగ పట్టు బిడ్డా, భయమెందుకు?” అన్నాడు నాన్న.

“భయంగాదు, బరువయ్యా! గౌను వదులైతే మడిచి కుడత. తుపాకిని మడుస్తవా?” అంది అమ్మ.

శిక్షకుడు నవ్వి, పొట్టిగా తేలికగా ఉన్న రైఫిల్ తెచ్చాడు. అది భుజానికి ఆనింది, చేతులు నిలిచాయి, గుండు గురి అట్టకు తగిలింది. “నా బిడ్డకు భయమేంది!” అని అందరికంటే గట్టిగా అరిచింది నాన్నే.

ఎంపిక తప్పు పెద్దలది, పిరికి పేరు పిల్లలది. ఇదెక్కడి న్యాయం? పిల్ల చేతులు వణికితే ధైర్యం నూరిపోయకండి. ముందు ఆ చేతుల్లోని బరువు దించండి.