పక్క ఊరి అంకెలు

రెండువేల నాలుగు ఫిబ్రవరిలో నేను రెండోసారి ఉద్దానం వెళ్లాను. నీటి వనరుల ప్రణాళిక కోసం బావుల నీళ్లు సీసాల్లో పట్టి పరీక్షకు పంపడం అప్పట్లో నా ఉద్యోగం.

తెల్లవారుజామున విశాఖలో పాసింజరెక్కి, పదకొండుకు పలాసలో దిగాను. కవిటి వెళ్లేవాళ్లకు సోంపేట దగ్గర. నాకు పలాసలో ఖాళీ సీసాలు తీసుకునే పని ఉంది. ఇడ్లీ తిని బస్సెక్కాను. పక్క సీట్లో రైతు ఒళ్లో ఆసుపత్రి కాగితాల సంచి.

"కిడ్నీలు బాబూ. మా ఈదిలో నేనొక్కణ్ణే కాదు" అన్నాడు, వానల సంగతి చెప్పినట్టు.

కవిటి నుంచి ఆటో. రెండు గంటలకు కొబ్బరితోటల మధ్య నీలమ్మ ఇంటి ముందు దిగాను. పోయినసారి నేను నీళ్లు పట్టిన బావి వాళ్ల పెరట్లోదే. ఆమె నన్ను గుర్తుపట్టింది.

"మీ కాయితం వొచ్చినాది బాబూ. నీళ్లు మంచివని రాసినారు కదా. అప్పట్నుంచీ దూరం నుయ్యి మానీసి అందరం దీన్లోవే తాగుతన్నాం."

అరుగు మీద ఆమె భర్త పడుకుని ఉన్నాడు. పాదాలు వాచాయి.

పోయినసారి తిరుగు ప్రయాణంలో ఈ బావి సీసా పగిలిపోయింది. మళ్లీ రావడానికి బద్ధకించి, పట్టికలో పక్క ఊరి బావి అంకెలు దింపేశాను. ఆ సంగతి నాకొక్కడికే తెలుసు. ఈ కిడ్నీల జబ్బు నీళ్ల వల్లో కాదో ఎవరూ తేల్చలేదు కదా, ఊరుకుందామా అనుకున్నాను. ఇంతలో నీలమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి నా చేతికిచ్చింది. తాగలేకపోయాను. జరిగింది చెప్పేశాను.

"అయితే మీరు మంచివన్నది పక్కూరోళ్ల నీళ్లనా" అంది నీలమ్మ.

"సీసా పగిలిపోనాదని ఒక కార్డుముక్క రాత్తే సాలును కదా" అన్నాడు భర్త, కళ్లు తెరవకుండానే.

నీలమ్మే నా సీసా తీసుకుని, లోగడ నేను చూపించినట్టు మూడుసార్లు కడిగి, నింపి, మూత బిగించింది. తర్వాత బిందె తీసుకుని దూరం బావికి బయల్దేరింది. నేను మోస్తానన్నాను.

"వొద్దు బాబూ. మీరది జాగర్తగా అట్టుకెల్లండి."

నాలుగున్నర బస్సుకు సోంపేట, అక్కడినుంచి సాయంత్రం పాసింజరు. ఉద్దానం చూడదగ్గ చోటే. ఎండ నేలకు దిగని తోటలు, వాటి వెనక సముద్రం. నేను రెండుసార్లు వెళ్లి కూడా వాటిని ప్రశాంతంగా చూడలేదు. సీసా ఒళ్లో పెట్టుకుని పై అధికారికి ఉత్తరం మొదలుపెట్టాను. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ దాటేసరికి ఒక్క వాక్యమే అయింది: ఆ అంకెలు ఆ ఊరివి కావు, నేను దింపినవి.

మర్నాడు దాన్నే సంతకం పెట్టి ఇచ్చాను.