దేవదానం గారి పాదరసం చుక్క

దేవదానం గారికి ఉన్న పిచ్చి ఒక్కటే. సాయంత్రం ఏడు కాగానే మేడమీది మూడు గదుల తలుపులూ తట్టి, అద్దెకున్న ముగ్గురినీ డాబా మీదికి రప్పించి, ఆకాశంలో ఒక చుక్కను చూపించి, "నిన్నటికన్నా తగ్గిందా, పెరిగిందా?" అని అడిగేవారు. మేము చెప్పింది నోటుబుక్కులో రాసుకుని, తృప్తిగా కిందికి దిగిపోయేవారు. పెళ్ళి భోజనానికి వెళ్ళినా ఏడింటికల్లా చేయి కడుక్కుని వచ్చేసేవారు.

ఆయన్ని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆ నవ్వు పూర్తయ్యేలోపే సిగ్గూ వస్తుంది. రెండూ కలిపే చెబుతాను.

1999లో నేను బెజవాడ నుంచి బెంగుళూరు వచ్చి, కుందలహళ్ళిలో ఆయన ఇంటి మేడమీద దిగాను. ఆయన కోలారు వైపు మనిషి. కొండ మీది ఒక అబ్జర్వేటరీలో నక్షత్రాల వెలుగు కొలిచే యంత్రం దగ్గర ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. ఆయన భార్య మార్త గారు. నా పక్క గదిలో హరిణి, ఆ పక్క గదిలో స్టాన్లీ. హరిణిది సాఫ్ట్‌వేర్. స్టాన్లీది రాత్రి డ్యూటీ కాల్ సెంటర్ కాబట్టి సాయంత్రం ఏడంటే వాడికి తెల్లారినట్టు. నోట్లో బ్రష్షుతో వచ్చి నిలబడేవాడు.

దిగిన మొదటి రోజే నన్నూ పిలిచారు. ఉత్తరాభాద్రలో రెండు చుక్కలుంటాయి, అందులో ఉత్తరం వైపుది చూడమన్నారు. చూశాను. తెల్లగా, మామూలుగా ఉంది.

"తగ్గిందా, పెరిగిందా?"

"నిన్న నేను చూడలేదండీ."

"సరి. కొత్త మనిషి అని రాసుకుంటా. రేపు చెప్పు."

ఆ మర్నాటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను. ఏం తెలిసి చెప్పానని అడగకండి. హరిణి "పెరిగింది" అంటే నేను "తగ్గింది" అనేవాణ్ణి. స్టాన్లీ నురగ మింగలేక వేలు పైకో కిందికో చూపించేవాడు. ముగ్గురం మూడు రకాలుగా చెప్పినా ఆయన మూడూ రాసుకునేవారు. ఎవరినీ తప్పనలేదు.

మబ్బు పట్టిన రోజు తప్పించుకోవచ్చనుకున్నాను. తలుపు వెనకాల నుంచే, ఏమీ కనబడదు కదా అంకుల్ అన్నాను. "మబ్బు ఉండాదని నువ్వే చూసి చెప్పల్ల కదప్పా, రా" అన్నారు. వేసవిలో ఆ చుక్క సాయంత్రంపూట అసలు ఉండదు. అప్పుడైనా సెలవిస్తారనుకున్నాం. మే నెలలో ఖాళీ ఆకాశం కింద ముగ్గురినీ నిలబెట్టారు. లేనిదాన్ని ఏం చూడాలని హరిణి అడిగింది. "లేదని చూడల్ల" అన్నారు. చూశాం. నిజంగానే లేదు. రాసుకున్నారు.

ఆ చుక్క గురించి అడిగిన పాపానికి ఎవరికైనా పాఠం తప్పేది కాదు. అది ఒంటి చుక్క కాదు, జంట. రెండూ ఒకదాని చుట్టూ ఒకటి తొంభై ఏడు రోజులకు ఒకసారి తిరుగుతాయి. పెద్దదాని ఒంటి మీద పాదరసం, మామూలు నక్షత్రాల్లో ఎక్కడా లేనంత. అదైనా సమంగా పూసినట్టు ఉండదు, మచ్చలు మచ్చలుగా ఉంటుంది. అది తన చుట్టూ తాను తిరిగేటప్పుడు మచ్చల వల్ల వెలుగు మారుతుంది. ఇదంతా ఆయన మనవరాలి అల్లరి చెప్పుకునేంత ముద్దుగా చెప్పేవారు.

ఎదురింటి సావిత్రమ్మ గారు మనవడు ఉత్తరాభాద్రలో పుట్టాడని మిఠాయి తెచ్చి, ఈ పాఠం విని హడలిపోయారు. మరుసటి రోజు పిల్లాణ్ణి డాక్టరుకి చూపించి, ఒంట్లో పాదరసం లేదని రూఢి చేసుకుని వచ్చారు. అయినా అనుమానం తీరక శాంతి చేయించాలా అని అడిగారు.

"చేయిస్తే చుక్కకు చేయించల్ల అమ్మా, పిల్లోడేం చేసినాడు?" అన్నారు దేవదానం గారు.

ఇంతవరకు నవ్వే. ఇక్కడి నుంచి నా సంగతి.

2001 ఆగస్టులో నా ఉద్యోగం పోయింది. ఆ ఏడు చాలామందికి పోయింది, కానీ నాకొక్కడికే పోయినట్టు నేను కుంచించుకుపోయాను. ఇంట్లో చెప్పలేదు, హరిణికి, స్టాన్లీకి చెప్పలేదు. రోజూ పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, బ్యాగు తగిలించుకుని బయలుదేరేవాణ్ణి. చెరువు గట్టు మీద వేపచెట్టు కింద ఒక సిమెంటు బెంచీ ఉండేది. నాలుగింటిదాకా అదే నా ఆఫీసు. సాయంత్రం అలసిపోయినట్టు మొహం పెట్టుకుని వచ్చేవాణ్ణి. ఆ మొహం మాత్రం నటించనక్కర్లేకపోయింది.

అలాంటప్పుడు ఏడింటికి తలుపు చప్పుడైతే ఒళ్ళు మండేది. ఎవరి కళ్ళలోకీ చూడలేని మనిషిని పట్టుకుని రోజూ వెలుగు తగ్గిందా పెరిగిందా అంటే ఎలా ఉంటుంది? నవంబరులో ఒకరోజు, హరిణి కూడా ఉండగా, "సొల్ప చిక్కినావప్పా, తింటుండావా లేదా?" అని అడిగారు. తింటున్నానని కసిరాను. నా గుట్టు పట్టుకోవడానికి చూస్తున్నారనిపించింది.

మర్నాడు బ్రౌజింగ్ సెంటర్‌కి వెళ్ళి ఆ చుక్క గురించి వెతికాను. జంట నిజం, పాదరసం నిజం. వెలుగు మారడమూ నిజమే. కానీ ఆ మార్పు ఎంత కొంచెమంటే, మంచి యంత్రానికి తప్ప మనిషి కంటికి ఎన్నటికీ తెలియదట. రెండేళ్ళుగా మేము మెడలు నొప్పెట్టేలా చూసి చెప్పిందంతా ఉత్తదే. ఆ కాగితం ప్రింటు తీసి జేబులో పెట్టుకున్నాను. ఏదో గెలిచినట్టనిపించింది. నేను ఏదైనా గెలిచి చాలా రోజులైంది మరి.

ఆ శనివారం మా వీధి చివర హైస్కూల్లో సైన్సు పండగ. నక్షత్రాల మీద మాట్లాడమని దేవదానం గారిని పిలిచారు. ఆయన పెళ్ళినాటి కోటు వేసుకుని, మమ్మల్నీ రమ్మన్నారు. రెండు వందల మంది పిల్లల ముందు కన్నడంలో తన చుక్క కథ చెబుతున్నారు. మా మేడమీది పిల్లలు రోజూ దాన్ని పరిశీలిస్తారని గర్వంగా మావైపు చెయ్యి చూపించారు. నేను లేచాను. వచ్చీరాని కన్నడంలో, మిగతాది ఇంగ్లీషులో, కాగితం చూసి చదివాను. ఈ మార్పు కంటికి కనబడదని, ముప్పై ఏళ్ళు పనిచేసిన మనిషికి అది తెలియకపోతే విచిత్రమని, తెలిసి రోజూ మాచేత చెప్పించడం ఇంకా విచిత్రమని అన్నాను. పిల్లలు గొల్లున నవ్వారు. హరిణి నా చొక్కా పట్టి లాగింది.

ఆయన పిల్లల వైపు తిరిగి, ఈయన చెప్పింది అక్షరాలా నిజం, సైన్సంటే ఇట్లా చదివి లేచి అడగడమే, అందరూ చప్పట్లు కొట్టండి అన్నారు. ముందు తానే కొట్టారు. హాలంతా చప్పట్లు. అన్నీ నాకే. నేను ఎక్కడికి పోవాలో తెలియక అక్కడే నిలబడ్డాను.

ఆ సాయంత్రం ఏడింటికి ఎవరూ తలుపు తట్టలేదు. అలవాటు కొద్దీ ముగ్గురం డాబా మీదికి వచ్చాం. ఒకరినొకరు చూసుకున్నాం. హరిణి నాతో ఒక్క మాటే అంది: "నీకేం వచ్చింది ఓంకార్?" లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. మూడో రోజుకి అందరం రావడం మానేశాం. నేనైతే చెరువు గట్టుకు వెళ్ళడం కూడా మానేసి, బ్రెడ్డు తింటూ గదిలోనే పడున్నాను.

ఆరో రోజు మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. మార్త గారు. చేతిలో రాగి సంగటి, కోడి పులుసు ఉన్న గిన్నె. నేను తినేదాకా కదలనన్నట్టు గడప మీదే కూర్చుని చెప్పారు.

"మా ఇంటాయనకు నిద్దర లేదప్పా. మీరు ముగ్గురూ ఉండారో లేదో అని పొద్దు గూకితే మెట్ల కాడ నిలబడి చెప్పుల చప్పుడు వింటుండాడు."

తొంభై ఆరులో ఈ గదిలోనే నాగరాజ్ అనే అబ్బాయి ఉండేవాడట. కామెర్లు ముదిరి, లేచి తలుపు తీసే శక్తి లేక నాలుగు రోజులు ఇందులోనే పడున్నాడట. ఊరెళ్ళాడనుకుని కింద వీళ్ళు హాయిగా భోంచేస్తున్నారు. ఆస్పత్రిలో నెలన్నర ఉండి బతికి బయటపడ్డాడు. కానీ దేవదానం గారికి ఆ నాలుగు రోజుల సంగతి మింగుడు పడలేదు. ఆ తర్వాత వచ్చినవాళ్ళని రోజూ బాగున్నారా అని అడిగేవారట. అందరూ తలుపు వెనకాల నుంచే బాగున్నామనేవారు.

"అందుకే చుక్కను పెట్టినాడు. చుక్కను చూడల్లంటే బయటికి రావల్ల కదా."

కళ్ళకు తెలిసేట్టు మారే నక్షత్రాలు ఎన్నో ఉన్నాయి, వాటిని చూపించొచ్చు కదా అన్నాను.

"నేనూ అదే అడిగితి. తెలిసిపోయేదైతే రెండు దినాలు చూసి మానేస్తారంట. దీంట్లో ఎవురు ఏం చెప్పినా తప్పుగాదు, ఎవురికీ సిగ్గు గాదు అనె."

నేను చేయి కూడా కడుక్కోకుండా కిందికి వెళ్ళాను. దేవదానం గారు వరండాలో కళ్ళద్దాలు తుడుచుకుంటున్నారు. క్షమించమన్నాను. స్కూల్లో అలా చేసి ఉండకూడదన్నాను. తర్వాత, ఎందుకో, అదీ చెప్పేశాను.

"నా ఉద్యోగం పోయింది అంకుల్."

"తెలుసప్పా. ఆగస్టులోనే కదా."

"మీకెలా తెలుసు?"

"నువ్వు పోయి కూర్చునే బెంచీ నాదే. పదేండ్లుగా అక్కడే పేపరు చదువుతా. నువ్వు వచ్చి కూర్చున్నాక ఆ తట్టు పోలేదు."

"మరి పేపరు?"

"పోస్టాఫీసు మెట్ల మీద. ఎండ సొల్ప ఎక్కువ. విటమిన్ అంటారులే."

నాకు తలెత్తబుద్ధి కాలేదు. మూడు నెలలు. ఆయన నీడలో నేను కూర్చుని, ఆయన మీదే పళ్ళు నూరాను. ఆయనేమో మేడమీదున్న మార్త గారికి కేకేసి, నా కంచం కిందికే తెమ్మన్నారు.

ఆ సాయంత్రం ఏడింటికి ఈసారి నేనే హరిణి తలుపూ, స్టాన్లీ తలుపూ తట్టాను. దేవదానం గారు నోటుబుక్కుతో ఆలస్యంగా మెట్లెక్కి, ఎవరి మొహమూ చూడకుండా, అడగనా వద్దా అన్నట్టు దగ్గారు. హరిణి తానే పెరిగిందని చెప్పింది. స్టాన్లీ బ్రష్షు తీసి మరీ, చాలా పెరిగిందన్నాడు.

నాకు ఫిబ్రవరిలో ఇంకో ఉద్యోగం దొరికింది. తర్వాత పెళ్ళి, బెళ్ళందూరులో పదంతస్తుల అపార్టుమెంటు. 2006లో మా ఎదురు ఫ్లాట్‌లోకి ఇద్దరు కుర్రాళ్ళు దిగారు. ఎప్పుడు వస్తారో, ఎప్పుడు పోతారో తెలియదు. తలుపు ఎప్పుడూ మూసే. చుక్కలు చూపిద్దామంటే చుట్టూ దీపాలే. ఏం చేయాలో తోచక ఒక సాయంత్రం బెల్లు కొట్టి, మీకు నీళ్ళు వస్తున్నాయా అని అడిగాను. వస్తున్నాయన్నారు. మర్నాడూ అడిగాను. ఇప్పుడు మా అంతస్తులో నా పేరు నీళ్ళ అంకుల్. లిఫ్టులో నన్ను చూసి మోచేతులతో పొడుచుకుంటారు. మా ఆవిడ నాతో కలిసి లిఫ్టెక్కడం మానేసింది.

ఈ సంగతి ఫోనులో దేవదానం గారికి చెప్పి సిగ్గుగా ఉందన్నాను. ఆయన ఒక్కటే అడిగారు.

"తలుపు తీస్తుండారా?"

"తీస్తున్నారు అంకుల్. తీసి విసుక్కుంటున్నారు."

"విసుక్కోనీలేప్పా," అన్నారు. "విసుక్కునేకి ఒంట్లో శక్తి ఉండల్ల కదా."