పొద్దు ఇంకా ఉండగానే

సాఫ్ట్‌వేర్ బిల్డ్, అంటే రాసిన కోడ్‌ను నడిచే ప్రోగ్రాంగా మార్చే పని, ఫెయిలైతే నేను కోడ్ కన్నా ముందు ల్యాప్‌టాప్‌లో టైము చూస్తాను. ఆ అలవాటు కణేకల్ బస్సులో మొదలైంది.

అది రంజాన్ నెల. ‘గడువు తీరింది’ అంటూ ఒళ్లోని ల్యాప్‌టాప్‌లో నా బిల్డ్ పదేపదే ఆగిపోతోంది. పక్కసీటు పెద్దాయన ఉపవాసం విడవడానికి ఖర్జూరం పట్టుకుని, “టైమెంతయిందప్పా?” అన్నాడు.

స్క్రీన్ మూల చూసి, “ఏడు దాటింది” అన్నాను.

“యా అల్లా! రోజా ఇడిచే టైము దాటిపోయిండాదే!”

ఖర్జూరం ఆయన పెదాలకు తాకింది. అంతలో బస్సు మలుపు తిరిగింది. ఎండ సూటిగా ఆయన ముఖాన పడింది. చెయ్యి ఆగిపోయింది.

“ఏమప్పా, పొద్దింకా ఈడే ఉండాది కదా!”

ఫోన్‌లో చూస్తే ఆరే దాటింది. పొద్దుట్నుంచి మంచినీళ్లు కూడా ముట్టని మనిషి ఉపవాసాన్ని నా ఒక్క మాట చెడగొట్టేది. గంట ముందుకెళ్లిపోయిన ల్యాప్‌టాప్ టైమును సరిచేశాను. ఆ తప్పు టైము వల్లే ‘గడువు తీరింది’ అంటూ ఆగిన బిల్డ్ ఇప్పుడు నడిచింది. సంతోషించే స్థితిలో లేను.

చేలమీద వెలుగు పోయాక ఆయన ఖర్జూరం మళ్లీ చేతిలోకి తీసుకుని, నన్నే అడిగాడు.

“ఇప్పుడు టైమెంతప్పా?”