స్టార్ కట్టని డాబా

మా బావ క్రిస్మస్‌ని రద్దు చేసింది డిసెంబరు మొదట్లో ఒక ఆదివారం మధ్యాహ్నం, చేపల పులుసుతో భోజనం అయ్యాక. అంత పెద్ద నిర్ణయం ఖాళీ కడుపుతో తీసుకునే మనిషి కాదు.

"ఈ ఏడాది నుంచి మనింట్లో క్రిస్మస్ లేదు," అన్నాడు చెయ్యి కడుక్కొచ్చి. "అది మన పండగ కాదు. రోమోళ్లు సూర్యుడికి సేసుకునేది. మనోళ్లు దానికి బొట్టు సెరిపేసి చర్చికి తోలుకొచ్చీసినారు."

మా అప్ప కంచాలు తీస్తోంది. మా వైపు అక్కని అప్ప అంటాం. ఆవిడ చెయ్యి ఆగలేదు.

"ఏరా, నువ్వు ఎమ్మే సదివినావు గదా," అన్నాడు బావ నావైపు తిరిగి. "డిసెంబర్ ఇరవై అయిదని బైబిల్లో ఎక్కడైనా ఉందేటి?"

"లేదు బావా."

"సూడు మరి."

నేను పోర్టు దగ్గర ఒక క్లియరింగ్ ఏజెంటు ఆఫీసులో కంటైనర్ల కాగితాలు చూస్తాను. రోమ్ గురించి అక్కడ ఇంతవరకూ ఎవరూ అడగలేదు. చరిత్రలో చేసిన ఎమ్మేకి ఇన్నేళ్లకి ఒక పని తగిలింది కదా అని కాస్త ఉత్సాహపడ్డాను కూడా. ఆ తారీకు ఎలా వచ్చిందో కచ్చితంగా ఎవరికీ తెలియదనీ, సూర్యుడి పండగ మీద పెట్టారని కొందరూ, కాదు వేరే లెక్క కట్టి పెట్టారని కొందరూ అంటారనీ చెప్పాను. "మొత్తమ్మీద నువ్వన్నది పూర్తిగా తప్పు కాదు, పూర్తిగా ఒప్పూ కాదు," అని ముగించాను. ఇలాంటి వాక్యాలు చెప్పడానికే చరిత్రకారులకి జీతాలిస్తారు.

బావ తనకి కావలసిన సగం తీసుకుని మిగతాది ఒగ్గేశాడు. అక్కణ్ణుంచి షాపింగ్ మాల్ మీద పడ్డాడు. డిసెంబర్లో కూడా చెమటలు పట్టే ఊళ్లో దూదితో మంచు చేసి పోయడం ఏటి, ప్లాస్టిక్ ముసలాయన గంట ఊపుతూ కొనండి కొనండి అనడం ఏటి. "ఏసు పశువుల పాకలో పుడితే, ఈళ్లు ఏసీలో పెట్టి అమ్మతన్నారు."

ఇది బాగానే ఉంది అనుకున్నాను. బావలో ఇంత హాస్యం ఉందని తెలీదు.

అప్ప కంచాలు కింద పెట్టింది. "అయితే స్టార్ కట్టవా?"

"స్టార్ లేదు. ఏటీ లేదు."

"నా గుంటడు ఇంకా రాలేదు," అంది అప్ప. "నువ్వు స్టార్ తీసీమంటన్నావు."

అని లోపలికి వెళ్లిపోయింది. బావ చేతులు తుడుచుకున్నాడు. అప్పటికే తుడుచుకున్న చేతులే.

గుంటడంటే వాళ్ల ఒక్కగానొక్క కొడుకు, నా మేనల్లుడు. సరుకు ఓడలో ఇంజన్ గదిలో పనిచేసేవాడు. పోయిన ఏడాది వానాకాలంలో, ఓడ నడి సముద్రంలో ఉండగా, ఒక ఉదయం డ్యూటీకి రాలేదు. ఓడంతా వెతికారు. ఓడని వెనక్కి తిప్పి నీళ్లూ వెతికారు. కంపెనీ తరఫు మనిషి వచ్చి, కుర్చీ అంచున కూర్చుని, మంచినీళ్లు కూడా వద్దని, "కనబడుటలేదు" అని చెప్పి వెళ్లాడు. ఆ తర్వాతి మాట ఎవరూ అనలేదు. అనకపోతే అది జరగనట్టే ఉంటుంది. అప్ప ఇప్పటికీ వాడి ఫోన్ నంబరు పోకుండా రీచార్జి చేయిస్తుంది. అప్పుడప్పుడు ఆ నంబరుకి చేస్తుంది. ప్రస్తుతం అందుబాటులో లేరని అటునుంచి ఎవరో అమ్మాయి చెబుతుంది. ఆ "ప్రస్తుతం" విని అప్ప ఫోన్ పెట్టేసి, కూర కలుపుకుంటుంది.

ఇక స్టార్ సంగతి. మా సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. మనిషి పోయిన ఇంటి మీద ఆ ఏడాది స్టార్ కట్టరు. ఏ పాస్టరూ చెప్పింది కాదు. మా తాతల తాతలు బాప్తిస్మం తీసుకున్నప్పుడు దేవుళ్లందరినీ వదిలేశారు కానీ, చావు జరిగిన ఏడాది ఇంట్లో పండగ లేదన్న పట్టింపుని మాత్రం వెంట తెచ్చుకున్నారు. డిసెంబర్లో గాజువాక వైపు మా వీధుల్లో నడుస్తూ తలెత్తి చూస్తే చాలు. క్రైస్తవుల డాబా మీద స్టార్ లేదంటే, ఆ ఇంట్లో ఒకరు తగ్గారు. ఎవరినీ అడగక్కర్లేదు.

పోయిన డిసెంబర్లో బావ స్టార్ కట్టాడు. బావ స్టీల్ ప్లాంటులో బరువులెత్తించే పనిలో ఉన్నాడు. పెద్ద పెద్ద ఇనుప దూలాల్ని గాలిలో నడిపించే మనిషి. ఏటా తండ్రీ కొడుకులు వెదురు బద్దలు చీల్చి, రంగు కాగితం అంటించి, ఇనుప పైపు చివర కట్టి నిలబెట్టేవాళ్లు. వీధిలో అంత ఎత్తు స్టార్ ఇంకోటి ఉండేది కాదు. పోయినేడు ఒక్కడే పైపు భుజాన వేసుకుని మెట్లెక్కాడు. బల్బు వెలిగేదాకా అప్ప కింద నిలబడి చూసింది. "ఆడొచ్చేసరికి ఇల్లు ఎలగతా ఉండాల," అంది. 

రోమ్, సూర్యుడు అంటూ బావ చెప్పిందంతా ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నదే. ఈ ఏడు ఆ వీడియోలు చూడడం మొదలెట్టింది ఎప్పుడో తర్వాత ఆలోచిస్తే తెలిసింది. స్టార్ కట్టాల్సిన నెల దగ్గరికొచ్చాక.

ఆ వారంలోనే అప్ప నన్ను తోడు తీసుకుని పాతూరు బయల్దేరింది. పూర్ణా మార్కెట్ దాటాక, ఏటా మా వాళ్లు స్టార్ కాగితం కొనే సాయిబు గారి షాపుంది. దీపావళికి దీపాలు, రంజాన్‌కి నెలవంక లైట్లు, డిసెంబర్లో స్టార్లు. బావ తిట్టిన వ్యాపారం ఇదే అయ్యుండాలి. తప్పెక్కడుందో పట్టుకుందామని చూశాను. ఆయన నిచ్చెనెక్కి స్టార్ తీస్తూ తుమ్ముతున్నాడు. పట్టుకోవడం కష్టమైంది.

"పెద్దదా అమ్మా, సిన్నదా?"

"పెద్దది. దూరాన్నుంచి అగుపడాల."

"ఎంత దూరం?"

"ఓడ మీంచి," అంది అప్ప.

సాయిబు గారు పకపకా నవ్వారు. "అంత దూరానికైతే లైట్‌హౌసే కొనాలమ్మా. మా దగ్గర స్టాకు లేదు."

నేనూ నవ్వాను. జోకు బాగుంటే నవ్వడం నాకు చిన్నప్పట్నుంచీ అలవాటు. అప్ప నవ్వకపోయేసరికి నా నవ్వు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఆయన స్టార్‌కి ప్లగ్గు పెట్టి చూపించాడు. ఇరుకు షాపంతా ఎర్రగా అయింది.

"పోయినేడు మీ ఆయనొచ్చి కాగితం కొనుకెళ్లినాడు గదా," అన్నాడు పొట్లం కడుతూ. "ముందటేడు కుర్రోణ్ణి కూడా తెచ్చినాడు. ఓడలో ఉద్యోగమన్నాడు. వచ్చినాడేటి సెలవుకి?"

"ఇంకా రాలేదు," అంది అప్ప.

"వచ్చీస్తాడులెండి, పండగ గదా."

అప్ప ఆయనకి దణ్ణం పెట్టింది. స్టార్ కొన్నవాళ్లు షాపాయనకి దణ్ణం పెట్టడం నేనెప్పుడూ చూడలేదు. ఆయన కూడా చూసినట్టు లేదు.

ఇంటికొచ్చాక బావ పొట్లం వైపు చూశాడు. "ఎంత దూరం ఎల్లినా అది సూర్యుడి పండగే."

"నువ్వు కట్టు," అంది అప్ప.

"కట్టను."

"నేను కడతాలే అప్పా," అన్నాను. ఎత్తంటే నాకు కళ్లు తిరుగుతాయన్న సంగతి ఆ క్షణం పక్కన పెట్టాను.

"నీకెందుకురా. ఆడి నాన్న కట్టాల. మేనమామ కడితే సెల్లదు."

దాంతో స్టార్ వెళ్లి మేనల్లుడి గదిలో వాడి మంచం మీద పడుకుంది. దీపాలు పెట్టే వేళకి అప్ప దానికి ప్లగ్గు పెట్టేది. డాబా మీద చీకటి, కిటికీ ఊచల్లోంచి మాత్రం వీధిలోకి ఎర్రటి చారలు. వాడు చదువుకునే రోజుల్లో ఆ గదిలో లైటు అలాగే వెలిగేది. ఇప్పుడు దాటి వెళ్లేవాళ్లు కిటికీ వైపు చూసి, గబగబా అడుగులేసేవాళ్లు. బావ ఎవరితోనో మార్చుకుని మరీ మధ్యాహ్నం షిఫ్టుకి వెళ్లడం మొదలెట్టాడు. ఆ వేళకి ఇంట్లో ఉండక్కర్లేని షిఫ్టు అది.

కానీ వారాంతపు సెలవు రోజున తప్పించుకోలేకపోయాడు. ఆ సాయంత్రం నేనూ అక్కడే ఉన్నాను. చర్చి వాళ్ల క్యారల్స్ బృందం వీధిలోకి వచ్చింది. గిటార్, డ్రమ్ము, ముసుగేసుకున్న శాంటా ఒకడు, వెనక ఆడవాళ్లు. పక్కింటి దగ్గర హుషారుగా పాడారు. పాడుకుంటూనే మా వాళ్ల ఇంటి ముందుకొచ్చారు. డ్రమ్ము వాయించేవాడు అలవాటుగా తలెత్తి డాబా వైపు చూశాడు. అరచెయ్యి డ్రమ్ము మీద ఆనించాడు. గిటార్ ఆగింది. శాంటా ముసుగు తీసి చేత్తో పట్టుకున్నాడు. లోపల ముఖమంతా చెమట. అందరూ తలలు దించుకుని, శవయాత్ర ఎదురైనప్పుడు నిలబడినట్టు నిలబడ్డారు.

 ఆ ఇంట్లో అప్పుడే ఎవరో పోయినట్టు అనిపించింది.

సంఘ పెద్ద చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. పోర్టులో రిటైరైన ముసలాయన. వెనకే ఆడవాళ్లు వచ్చి అప్ప చుట్టూ కూర్చున్నారు. ఒకావిడ అప్ప చెయ్యి తన ఒళ్లోకి తీసుకుంది.

"మంచి పని సేసినారమ్మా," అన్నాడు పెద్దాయన మెల్లగా. "మేమే సెబుదామనుకుని నోరు రాక ఊరుకున్నాం. ఆదరణ కూడిక ఎప్పుడు పెట్టుకుందారి?"

ఆదరణ కూడికంటే మనిషిని పూడ్చిపెట్టాక, మిగిలినవాళ్ల కోసం పెట్టే ప్రార్థన.

"ఎవురికి?" అంది అప్ప.

పెద్దాయన బావ వైపు చూశాడు. బావ కుర్చీలోంచి లేచాడు.

"అది కాదండీ. స్టార్ కట్టంది అందుక్కాదు. ఈ పండగ మనది కాదండీ. రోమ్‌లో సూర్యుడికి..."

"అవునయ్యా."

"బైబిల్లో ఆ తారీకు లేదండీ."

"లేదయ్యా. కూకో."

బావ నా వైపు చూశాడు. ఎమ్మే చదివినవాడి వైపు చూసినట్టే చూశాడు. నాకు తెలిసిన రోమ్ అంతా నోటిదాకా వచ్చి, అక్కడ ఏం పనో తెలియక నిలబడిపోయింది.  బావ కుర్చీలో కాకుండా నేల మీద కూర్చున్నాడు.

"ఆడు రాడండీ," అన్నాడు.

ఇంట్లో ఆ మాట మొదటిసారి వినపడింది. కిటికీలోంచి పడుతున్న ఎర్ర వెలుగులో వీధిలో కుర్రాళ్లు అలాగే నిలబడి ఉన్నారు.

అప్ప బావ వైపు తిరిగింది. మామూలుగానే అడిగింది, పాలు ఎప్పుడు పోశాడని అడిగినట్టు. "నీకెప్పుడు తెలిసింది?"

"కబురొచ్చిన రోజే."

"మరి పోయినేడు ఎందుకు కట్టినావు?"

"నువ్వు కిందనుంచి సూత్తన్నావు."

"ఈ ఏడు సూడ్డం లేదేటి నాను?"

"సేతులు రాలేదే," అన్నాడు బావ. "పైపు ఎత్తబోతే సేతులు రాలేదు. నలుగురికీ ఏదో ఒకటి సెప్పాల గదా."

అప్ప పక్కావిడ ఒళ్లోంచి చెయ్యి తీసుకుంది. లేచి గదిలోకి వెళ్లింది. వీధిలోకి పడుతున్న ఎర్ర చారలు ఆరిపోయాయి. తిరిగొచ్చి గుమ్మంలో నిలబడి, "పెట్టండి కూడిక," అంది.

తారీకు దగ్గర చిక్కొచ్చింది. పాస్టరు గారికి ఆ నెలంతా, పండగకి ముందు ఊరూరా జరిపే సెమీ క్రిస్మస్‌లే. ఒకరోజు సబ్బవరం, ఒకరోజు ఆనందపురం. పెద్దాయన వేళ్ల మీద లెక్కెట్టి, మొహమాటపడుతూ అన్నాడు: "ఇరవై అయిదు మజ్జానం ఒక్కటే కాళీ అమ్మా. ఆ పూట అందరూ బిర్యానీ తిని తొంగుంటారు."

"ఆ రోజే పెట్టండి," అంది అప్ప.

ఇన్నాళ్లూ ఆ తారీకు మీద విరుచుకుపడ్డ బావ తలూపాడు.

క్రైస్తవులు క్రిస్మస్ చేసుకోవచ్చా అని ఇప్పటికీ ఎవరో ఒకరు నన్ను అడుగుతుంటారు. ఎమ్మే వాసన తగిలితే జనం వదలరు. రెండు వైపుల వాదనలూ నా దగ్గరున్నాయి, అడిగినవాళ్లకి అడిగిన వైపు ఇస్తాను. ఎవరింటి మీద స్టార్ ఉందో లేదో మాత్రం ముందు చూసుకుని మాట్లాడతాను.

ఇరవై అయిదున జనం ఉదయం ఆరాధనకి కట్టుకున్న బట్టలతోనే వచ్చారు. మార్చుకుని రావడానికి వేళ లేదు. మెరిసే గౌన్లు, పట్టు చీరలు, కొత్త చొక్కాల మడతలు. తాము వచ్చింది పండక్కో చావుకో బట్టలకి తెలియక, అందరూ కాస్త ఒదిగి కూర్చున్నారు. ఒకావిడ అలవాటు కొద్దీ కేకు తెచ్చి, గుమ్మంలో గుర్తొచ్చి, నీళ్ల డ్రమ్ము వెనక దాచింది. ముందు బల్ల మీద వాడి ఫోటో. ఓడ డెక్కు మీద తీయించుకున్నది. వాడి వెనక ఉన్నదంతా సముద్రమే. ఫోటో పంపిన రోజు ఎంత బాగుంది అనుకున్నాం.

పాస్టరు గారు చదివారు, ప్రార్థన చేశారు. అప్ప ఫోటో ఎదురుగా కూర్చుంది. కొంగు తల మీదుగా లాక్కుని, కళ్లు మూసుకుని, కదలకుండా. బావ గుమ్మం పక్కన కూర్చున్నాడు. భోజనాలు ఆలస్యమైనవాళ్లు ఒక్కొక్కరే వస్తూనే ఉన్నారు. వచ్చినప్పుడల్లా బయట గేటు గడియ చప్పుడవుతోంది.

చప్పుడైన ప్రతిసారీ బావ తలెత్తి అటు చూశాడు. అప్ప ఒక్కసారి కూడా చూడలేదు.