జీడిపప్పు గోదాం మీద మా జట్టు

ఫోన్లో తుపాకులు పేల్చుకునే ఆటకి నన్ను కోచ్‌గా రమ్మన్నప్పుడు, అడిగినవాడు నా పాత స్టూడెంటు కాబట్టి తిట్టకుండా కూర్చోబెట్టి టీ ఇచ్చాను. నేను పలాసని ఆనుకుని ఉన్న కాశీబుగ్గలో ఒక ప్రైవేటు స్కూల్లో పీఈటీని. పిల్లల చేతిలో ఫోన్ కనిపిస్తే లాక్కుని స్టాఫ్‌రూమ్ బీరువాలో పెట్టడం నా ఉద్యోగంలో సగం, వాలీబాల్ నేర్పడం మిగతా సగం. అలాంటిదాన్ని పట్టుకుని ఫోన్ ఆటకి కోచ్ అంటే ఎంత విడ్డూరమో వాడికీ తెలుసు.

"ఆట తెలిసిన కోచ్ ఎల్లిపోనాడు మేడం. ఆడేవోల్లని ముగ్గుర్ని కూడా అట్టుకుపోనాడు. ఇప్పుడు మాకు తిట్టేవోలు కావాల," అన్నాడు.

తిట్టడమే పనైతే పలాసలో నాకంటే అర్హులెవరున్నారు? ఒప్పుకున్నాను.

వాడిది జీడిపప్పు వ్యాపారం. గోదాం మేడమీద రెండు గదులకి ఏసీలు పెట్టించి జట్టుకి ఇచ్చాడు. కింద జీడిపిక్కలు కాలిస్తే ఆ వాసన మెట్లెక్కి నేరుగా మా దగ్గరికే వచ్చేది. ఆట సంగతి నాకు వాడే చెప్పాడు. దేశంలోని జట్లన్నీ నలుగురేసి ఒక దీవిలో దిగుతాయి. దీవి చుట్టూ ఒక గీత దగ్గరపడుతూ వస్తుంది. కాల్చుకుంటూ, దాక్కుంటూ చివరిదాకా మిగిలిన జట్టుది గెలుపు. సీజను ముగిసేసరికి అడుగున ఉన్న జట్లు కింది లీగుకి పడిపోతాయి. అలా పడిపోతే ఇక్కడి గదులు మూసేసి జట్టుని హైదరాబాదు తీసుకుపోతానని కూడా ఆ టీ తాగుతూనే చెప్పేశాడు.

ఆ మాట తగలాల్సింది ఒక్కడికి. పాత జట్టులో మిగిలింది కెప్టెన్ ఒక్కడే. బారువవాడు. వాళ్ళ నాన్న పడవల మీద వేటకెళ్ళేవాడు, ఇప్పుడు కిడ్నీలు పాడయ్యాయి. ఇంటికో కిడ్నీ రోగి ఉన్న మా ఉద్దానంలో ఈ ముక్క చెప్తే ఇంకేమీ అడగరు. రోజు విడిచి రోజు పలాస ఆస్పత్రిలో డయాలసిస్ కాబట్టి తండ్రీకొడుకులు కాశీబుగ్గలో ఒక గది తీసుకుని ఉంటున్నారు. తీసుకెళ్ళేదీ తీసుకొచ్చేదీ వీడే. పాత కోచ్ హైదరాబాదు రమ్మని అందరికంటే ముందు అడిగింది వీణ్ణే. వీడు రానన్నాడు. జట్టు పలాసలో ఉన్నన్నాళ్ళే వీడికి ఆట.

మిగతా ముగ్గురూ కొత్తవాళ్ళు. ఒకడిది సుమ్మాదేవి, ఒకడిది టెక్కలి, ఒకడిది ఏకంగా కడప. వాళ్ళ ఆటలో తప్పొప్పులు చూడ్డానికి టెక్కలిలో ఇంజనీరింగ్ చదివిన ఒకమ్మాయిని తీసుకున్నారు. ఆట ఆ అమ్మాయిది, ఆటగాళ్ళు నావాళ్ళు అని పంచుకున్నాం. పొద్దున్నే రైల్వే గ్రౌండులో పరుగెత్తాలని నేను రూలు పెడితే, "మేడం, మావు ఏళ్ళతో ఆడతాం, కాళ్ళతో కాదు" అన్నాడు సుమ్మాదేవివాడు. ఆ రోజు వాడు అందరికంటే రెండు చుట్లు ఎక్కువ పరుగెత్తాడు.

అంత పరుగెత్తించినా మొదటి మ్యాచ్‌లన్నీ పోయాయి. దిగడం, చావడం. టెక్కలమ్మాయి రికార్డింగులన్నీ ముందుకీ వెనక్కీ తిప్పి ఒక సంగతి పట్టుకుంది. చచ్చే ప్రతిసారీ ముందు కాసేపు ఎవరూ మాట్లాడటం లేదు. శత్రువు కనిపించినవాడు పక్కవాడికి చెప్పటం లేదు, చెప్పినా ఆలస్యంగా చెప్తున్నాడు. ఎందుకలా చేస్తున్నారని అడిగితే ఒకడు నెట్ మీదికి తోశాడు, ఒకడు హెడ్‌ఫోన్ మీదికి తోశాడు.

అసలు జవాబులో సగం నాకు ఆస్పత్రిలో దొరికింది. కెప్టెన్‌కి ప్రాక్టీసు ఉందని ఒక మధ్యాహ్నం వాళ్ళ నాన్నని నా స్కూటీ మీద నేనే తీసుకెళ్ళాను. వార్డులో వరసగా మంచాలు, మంచానికో మిషను. గంటల తరబడి కదలకుండా పడుకోవాలి కాబట్టి అందరి దగ్గరా ఫోన్ ఉంది. ఒకావిడ సీరియల్ చూస్తోంది, ఒక ముసలాయన కోడిపందాలు చూస్తున్నాడు, ఈయనేమో తన కొడుకు ఆడిన పాత మ్యాచ్ పెట్టమన్నాడు. ఆటగాళ్ళు తమలో తాము మాట్లాడుకునేవి కూడా అందులో వినిపిస్తారు. కాసేపు విని, "ఈడెవుడు?" అన్నాడు.

"మీవోడే, అన్నా."

"నా కొడుకు గొంతు నాకు తెల్దేటి టీచరమ్మా? ఈడెవుడో టీవీలో వార్తలు సదివినట్టు మాటాడతన్నాడు."

నేనూ చెవి పెట్టాను. నిజమే. "ఎనిమీ ఆన్ లెఫ్ట్ సైడ్ బ్రో, ప్లీజ్ బి కేర్‌ఫుల్" అంటున్నాడు మావాడు. ప్లీజ్ దగ్గరే ఆ బ్రో చచ్చిపోయాడు.

నేను ఇంకా నవ్వుతూనే ఉన్నాను, ఆయన మెల్లిగా ఇంకో మాట చెప్పాడు. కడుపులో నొప్పని కొడుకుతో అబద్ధమాడి ఈ మధ్య తనే డయాలసిస్ ఎగ్గొడుతున్నాడట. "నానున్నన్నాళ్ళూ ఆడు ఈ ఊరొగ్గి ఎల్లలేడు. ఆడికి అడ్డం నానే గదా. ఒకటి రెండు మానేత్తే ఏటయిపోద్ది? అయిపోతే అయిపోద్ది."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన వయసూ చూడలేదు, వార్డనీ చూడలేదు. "ఇంకోపాలి మానేసినావంటే మంచంతో పాటు ఎత్తుకొచ్చి ఇక్కడ పడేత్తానన్నా" అని అరిచాను. కోడిపందాలాయన ఫోన్ ఆపేసి మమ్మల్ని చూడటం మొదలుపెట్టాడు. ఈయన నవ్వాడు గానీ మానను అని మాత్రం అనలేదు. ఆయన్ని గదిలో దింపి తిరిగొచ్చేటప్పుడు రైల్వే గేటు దగ్గర స్కూటీ ఆపుకుని ఏడ్చాను.

ఆ ఆదివారం నాకు చర్చి అయ్యాక నలుగుర్నీ బారువ తీసుకెళ్ళాను. ఒడ్డున పడవలు, ఎండబెట్టిన చేపలు దాటి ఖాళీ ఇసకలో నెట్ కట్టి వాలీబాల్ ఆడించాను. గోదాం మేడమీద నోరు పెగలని వెధవలు అక్కడ ఆకాశం పగిలిపోయేలా అరిచారు. "బేగి రారా", "ఎనకాల సూడు", "నాది నాది, నువ్వొగ్గీ". బంతి నేల తాకేలోపు నాలుగు మాటలు అయిపోతున్నాయి. విజిల్ ఊది ఆట ఆపించాను.

"ఇలా ఆ ఆటలో ఏల అరవరు?"

ముగ్గురూ కెప్టెన్ వైపు తిరిగారు. చివరికి కెప్టెనే చెప్పాడు. "లైవ్‌లో అందరూ ఇంతారు మేడం. మన యాస ఇంటే కింద కామెంట్లల్లో నవ్వుతారు."

అదీ సంగతి. నవ్వుతారని చావడానికి సిద్ధపడ్డారు నా బంగారు కొండలు. "నవ్వనీండి. నవ్వేవోడు నవ్వుతుండగానే కాల్చీండి," అన్నాను. "మీయమ్మతో ఎలా మాటాడతారో అలాగే మాటాడాల. ఇంకోపాలి బ్రో అన్నోడు ఈ ఇసకలో కప్పగెంతులు ఎయ్యాల."

తర్వాతి మ్యాచ్‌లో బాగానే మొదలుపెట్టారు. దీవిలో ఒక ఇంట్లో శత్రువులు దాక్కున్నారు, లోపలికి వెళ్తే ప్రమాదం. కెప్టెన్ "ఒగ్గీ, ఒగ్గీ" అని అరిచాడు. వదిలెయ్యమని. మనవాళ్ళిద్దరూ వెనక్కి తగ్గారు. కడపవాడు మాత్రం తలుపు తన్నుకుని ఒంటరిగా లోపలికి పోయి, ఇల్లంతా వెతికి, మేడమీద చచ్చాడు. తర్వాత నేను పట్టుకుని దులిపితే వాడు ఎదురు తిరిగాడు.

"ఒగ్గీ యాడుండాడో చెప్పకుండా ఊరికే ఒగ్గీ ఒగ్గీ అంటే నేనేం చేసేది మేడం? వాణ్ణి చంపాలనే గదా పోయినా."

ఒగ్గీ అంటే అవతలి జట్టులో ఎవడి పేరో అనుకున్నాడు పాపం. టెక్కలమ్మాయి నవ్వి నవ్వి కుర్చీలోంచి జారిపోయింది. నేను కోచ్‌ని కాబట్టి గది బయటికెళ్ళి నవ్వి వచ్చాను. ఆ మ్యాచ్ ఓడిపోయాం గానీ, ఆ రోజు నుంచీ అది జట్టయింది. కడపవాడికి మాటలు నేర్పడం భోజనాల దగ్గర రోజూ జరిగే పని. నేర్చుకున్నవాడు ఊరుకుంటాడా, వాళ్ళమ్మకి ఫోన్ చేసి "ఏటి సేత్తన్నావు" అన్నాడట. ఆవిడ కంగారుపడి నాకు ఫోన్ చేసింది.

ఇక గెలవడం మొదలైంది. కనిపించిందే తడవుగా చెప్పుకుంటున్నారు, విన్నదే తడవుగా కదులుతున్నారు. కామెంట్లలో నవ్వినవాళ్ళు నవ్వారు. వాళ్ళ మధ్యన మనవాళ్ళూ రావడం మొదలుపెట్టారు. సౌదీలో వెల్డింగ్ పని చేసుకునే ఒకాయన, మీ మ్యాచ్ పెడితే ఊరి బస్సెక్కినట్టుంది అని రాశాడు. అది చదివి మావాళ్ళు మరీ రెచ్చిపోయారు. ఆ రోజుల్లో స్కూల్లో కూడా నేనెవర్నీ తిట్టలేదని తోటి టీచర్లకి అనుమానం వచ్చింది.

అయినా మొదట్లో పోయినవి పోయాయి కదా. ఆఖరి మ్యాచ్ నాటికి అడుగు జట్లలోంచి ఇంకా పైకి రాలేదు. అది గెలిస్తే పలాసలో ఉంటాం, లేకపోతే లేదు. మ్యాచ్ సరిగ్గా డయాలసిస్ టైముకే పడింది. "ఇయ్యాలకి మానేత్తాను" అన్నాడు తండ్రి, పైకి చాలా మామూలుగా. ఆట మొదలయ్యాక కోచ్ గదిలో ఉండకూడదు, పైన లీగువాళ్ళ కెమెరా చూస్తూ ఉంటుంది. మెట్ల మీద కూర్చుని గోళ్ళు కొరుక్కునే బదులు ఆయన్ని స్కూటీ ఎక్కించుకుని ఆస్పత్రికి పోయాను.

వార్డుకి వార్డే మా మ్యాచ్ పెట్టుకుని కూర్చుంది. సీరియల్ ఆవిడ కూడా. ఆయన చేతికి సూదులుంటాయి కాబట్టి నా ఫోన్‌లో మ్యాచ్ పెట్టి నేనే పట్టుకున్నాను, ఆయన ఫోన్ దిండు పక్కన ఉంది. గీత బాగా దగ్గరపడింది. మనవాళ్ళలో ఇద్దరు పోయారు. కెప్టెనూ కడపవాడూ ఒక బండ వెనక దాక్కున్నారు, అవతల ఇంకా ఒక జట్టు పూర్తిగా ఉంది. "ఒరే, ఊపిరి గట్టిగా పీల్సకురా" అంటున్నాడు మావాడు కడపవాడితో. వార్డులో ఎవరూ కదలటం లేదు. అప్పుడు దిండు పక్కన ఫోన్ మోగింది.

చూస్తే కెప్టెన్. నాకు ఒక క్షణం అర్థం కాలేదు. బండ వెనక దాక్కున్నవాడు ఫోన్ ఎలా చేస్తాడు? తర్వాత గుర్తొచ్చింది. ఎవరూ చూసి దొంగ సాయం చెయ్యకుండా ఆటని కొన్ని నిమిషాలు ఆలస్యంగా చూపిస్తారు. అంటే అక్కడ ఆట అయిపోయింది. ఏమయిందో ఆ ఫోన్లో ఉంది. గబుక్కున చెయ్యి చాపాను.

"ఎత్తకు," అన్నాడాయన.

"అన్నా, ఏటయిందో తెలుస్తాది గదా."

"తెలిసిపోనాది టీచరమ్మా. ఓడిపోతే ఆడు ఫోన్ సెయ్యడు. తిండి మానేసి ముసుగెట్టుకుని తొంగుంటాడు. నన్ను సూడనీ."

ఆ మాట మంచం నుంచి మంచానికి వెళ్ళిపోయింది. అటు తెర మీద మావాడు బండ వెనక వణికి చస్తున్నాడు, ఇటు ఫోన్ ఆగి మళ్ళీ మోగుతోంది, వార్డంతా ఒకటే నవ్వులు. "బయపడకురా బాబూ, నువ్వు గెలిసీసినావు" అని కోడిపందాలాయన తెరకి చెప్తున్నాడు. కడపవాడు "బేగి బేగి" అంటూ బండ దాటాడు, కెప్టెన్ వాడి వెనకే లేచాడు, మిగిలింది మేమందరం ముందే తెలిసి చూశాం. తెలిసి చూసినా నేను ఎగిరాను, ఏడ్చాను, సీరియల్ ఆవిణ్ణి ముద్దు పెట్టుకున్నాను. ఇంతమందికి ఒకేసారి బీపీ పెరగడం ఎప్పుడూ చూడలేదని నర్సు మమ్మల్ని కోప్పడింది.

మూడోసారి మోగినప్పుడు ఆయన ఎత్తమన్నాడు. చెవి దగ్గర పెట్టాను. అవతల అరుపులు నాకూ వినిపిస్తున్నాయి. "సూసినాను లేరా," అన్నాడు. "ఇక్కడే ఉంటారన్నమాట." కాసేపు విన్నాడు. తర్వాత ఫోన్ మీంచి తల తిప్పి నర్సుని పిలిచాడు.

"అమ్మా, ఎల్లుండి నా టైము ఎన్ని గంటలకి?"

ఆవిడ చెప్పింది. అదే టైము కొడుక్కి మళ్ళీ చెప్పి, ఆలస్యం చెయ్యకుండా బేగి వచ్చి తనని తీసుకెళ్ళమన్నాడు.