తెలియజేసిన తేదీ

నాగర్‌కర్నూల్‌లోని పశువ్యాధి నిర్ధారణ ప్రయోగశాలకు నేను రెండోసారి బదిలీ మీద వచ్చింది పదవీ విరమణకు పద్నాలుగు నెలల ముందు, జూన్ మొదటి వారంలో. హోదా అసిస్టెంట్ డైరెక్టర్. పశువైద్యశాలలో డాక్టరు జబ్బుపడ్డ జీవానికి మందు ఇస్తాడు. ప్రయోగశాల పని వేరు. చచ్చిన జీవం ఎందుకు చచ్చిందో చెప్పడం మా పని. రక్తం, పేడ, ఊపిరితిత్తుల ముక్క, ప్లీహం ముక్క మా దగ్గరికి వస్తాయి. మా దగ్గర తేలనివాటిని మంచుపెట్టెలో పెట్టి హైదరాబాద్‌కు పంపుతాం. ఎవరూ కోరి వచ్చే పోస్టు కాదు. నన్ను అక్కడికి రెండుసార్లు వేశారు. ఎవరు వేశారో, ఎందుకు వేశారో నాకు తెలుసు. ఆ సంగతి ఇక్కడ రాయను.

మరుసటి జనవరిలో అమ్రాబాద్ వైపు అడవి అంచున, ఒక నీటి గుంట దగ్గర దుప్పులు చచ్చిపోతున్నాయని కబురు వచ్చింది. అడవి జంతువు చస్తే పశువుల డాక్టరు కత్తి పట్టుకుని నేరుగా పోవడానికి లేదు. ముందు బీటు అధికారి చూడాలి, రేంజి అధికారికి చెప్పాలి, పంచనామా రాయాలి, మాకు ఉత్తరం రావాలి. అప్పుడు పోస్టుమార్టం. అది కాగానే కళేబరాన్ని అక్కడే కాల్చేయాలి. ఈ వరుస అంతా పూర్తయ్యేలోపు ఎండ తన పని తాను చేసుకుపోతుంది. నేను రెండుసార్లు పోయాను. మొదటిసారి బూడిద చూపించారు. రెండోసారి శవం ఉంది గానీ లోపల ముక్క అనదగ్గది ఏదీ మిగల్లేదు. అయినా ముక్కు చుట్టూ ఎండిన చీమిడి, తోక కింద పారిన మరకలు చూస్తే నాకు పారుడు రోగం అనిపించింది. గొర్రెలకు, మేకలకు వచ్చే జబ్బు అది. నోట్లో పుండ్లు, ఆగని విరేచనాలు, వారంలో సగం మంద పోతుంది. దుప్పులకూ అంటుకోగలదు. శివరాత్రి దాటితే తెలకపల్లి చుట్టుపక్కల మందలన్నీ ఆ నీటి గుంట దిక్కే కదులుతాయి. అసలు భయం అక్కడుంది.

ఒక పథకం రాశాను. ఏడాదిపాటు అడవి అంచున చచ్చే దుప్పుల నుంచి, అక్కడ మేసే మందల నుంచి తాజా నమూనాలు తీయాలి. అందుకు మంచుపెట్టె ఉన్న బండి ఒకటి, తర్ఫీదు ఇచ్చిన మనుషులు ఇద్దరు, పరీక్షల ఖర్చు కావాలి. అటవీ అధికారులు దుప్పులు మావే గానీ రోగం మీది అన్నారు. మా పైఅధికారులు రోగం మనదే గానీ దుప్పులు వాళ్లవి అన్నారు. చివరికి జిల్లా పరిషత్ సాధారణ నిధుల నుంచి అడగమన్నారు. అలా నా పథకం ఫిబ్రవరి సర్వసభ్య సమావేశం ముందుకు వెళ్లింది.

సర్వసభ్య సమావేశంలో అధికారులు గోడవారగా శాఖల వరుసలో కూర్చుంటారు. నాకు కుర్చీ లేదు. అటెండరు నన్ను ఎగాదిగా చూసి, "జర నిలవడు సారూ, మీ పెద్దసారు వస్తే గా కుర్చీల ఆయన కూసుంటడు" అన్నాడు. మా పెద్దసారు రాలేదు. ఆ కుర్చీ మీద ఎవరిదో హెల్మెట్ పెట్టారు. గంటన్నర నిలబడ్డాను. టీ ఇచ్చేటప్పుడు నా దాకా వచ్చి పళ్లెం వెనక్కి తిరిగింది. ఎజెండాలో నా అంశం చిట్టచివర, నా హోదా 'పశువుల డాక్టర్' అని. ఆ కాగితం దాచుకున్నాను.

నా వంతు వచ్చినప్పుడు అయిదు నిమిషాలు ఇచ్చారు. మూడో నిమిషంలోనే ఒక రైతు సభ్యుడు లేచాడు. కంది చేనును దుప్పులు మేసిపోయిన కోపం ఆయనది.

"సారూ, మనుషుల దవాఖానల మందుల్లేవు. జింకలకు పరీక్షలా? గవ్వి సస్తే మా చేండ్లు బతుకుతయ్. జింకలకు ఆధార్ కార్డు గూడ ఇప్పిస్తవా?"

సభ నవ్వింది. నేను నవ్వలేదు. ఆయన అడిగినదాంట్లో దవాఖాన మాట నిజమే గనక దానికి జవాబు చెప్పాను: ఈ నిధి దవాఖానకు పోయే నిధి కాదు, పోతే వీధి దీపాలకు పోతుంది, గొర్రెల మీద బతికే ఇళ్లు ఈ జిల్లాలో ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు.

అప్పుడు చంద్రమ్మ లేచింది. తెలకపల్లి వైపు సభ్యురాలు, గొర్రెల కాపరుల కుటుంబం. యాభై దాటిన మనిషి. గొర్రెల మాట ఎత్తాను గనక ఈమె నా పక్కన నిలుస్తుందనుకున్నాను.

"ఒక్కటే అడుగుత సారూ, నిజం చెప్పు. నువ్వు పరీక్ష జేసినవ్. మా గొర్లే జింకలకు అంటిచ్చినయ్ అని తేలింది అనుకో. రేపు మమ్మల్ని అడవిల కాలు వెట్టనిస్తరా?"

సార్ అంటూనే ఏకవచనంలో అడిగింది. అది కూడా గుర్తు పెట్టుకున్నాను. కానీ ప్రశ్న సరైనది. సభలో అంతవరకు ఎవరూ అడగనిది. అబద్ధం చెప్పి నిధి తెచ్చుకోవచ్చు. అలా తేలే అవకాశం ఉందని, ఎటు నుంచి ఎటు పోయిందో ఒక్కోసారి తేలకపోవచ్చని కూడా చెప్పాను.

"మరి రిపోర్టు ఎవలకిస్తవ్?"

"శాఖకు పంపుతాం."

"మాకో?"

"శాఖ ద్వారా మీకు తెలుస్తుంది."

ఆమె పక్కనున్న సభ్యురాలి వైపు తిరిగి, "చూసినవా, పన్నెండేండ్లయింది, ఒక్క అక్షరం మార్వలే" అంది. మళ్లీ నా వైపు తిరిగింది. "నన్ను గుర్తువట్టలే గద?"

పట్టలేదని చెప్పాను. నాకు మాటలు గుర్తుంటాయి, మనుషుల ముఖాలు గుర్తుండవు.

"గా యేడు అమ్రాబాద్ అడవి కాడ మా మంద దిగి ఉండె. గొర్రెపిల్లలు సస్తుంటే నువ్వొచ్చినవ్. సచ్చినదాని ముక్క పనికిరాదు, పానంతోటున్నది ఒకటి కావాలె అన్నవ్. వేలు వెట్టి చూపిచ్చినవ్ గూడ. గది మంద ముంగట నడిచే పొట్టేలు. దాని ఎనుక తొమ్మిది ఇరవైల గొర్లు నడిచేటియ్. మా మామ బీరయ్య దాన్ని ఎవ్వలకు అమ్మనోడు, నీకిచ్చిండు. కోసినవ్. ముక్కలు డబ్బాల వెట్టుకున్నవ్. మా అత్త సల్ల ఇస్తే రెండు చెంబులు తాగినవ్. రోగమేందో నెల లోపల చెప్తనన్నవ్. మా మామ తెలకపల్లి దవాఖానకు ఐదు తాపలు తిరిగిండు. గిప్పుడు మళ్ల ముక్కలు గావాల్నా నీకు?"

ఈసారి సభలో ఎవరూ నవ్వలేదు. నేను రిజిస్టరు చూడాలి అన్నాను. "చూడు, పొయ్యి చూడు. గది గూడ పన్నెండేండ్లకు చూస్తవేమో" అంది. అధ్యక్షురాలు ఈ అంశాన్ని భోజనాల తర్వాతకు వాయిదా వేశారు.

ప్రయోగశాల అక్కడికి పది నిమిషాల దూరం. ల్యాబ్ అటెండెంట్ యాదగిరి పాత బీరువా తెరిచాడు. నమూనాల రిజిస్టర్లు సంవత్సరాల వారీగా ఉంటాయి. వచ్చిన తేదీ, యజమాని పేరు, నమూనా వివరం, పంపిన తేదీ, ఫలితం అని అయిదు గడులు. బీరయ్య పేరు నా చేతిరాతలోనే ఉంది. పెద్దపేగు చివర ఎర్రటి చారలు ఉన్నాయని కూడా రాశాను. పారుడు రోగానికి అది బలమైన ఆనవాలు. ఆ రోజే బీరయ్యకు చెప్పి ఉండవచ్చు. నిర్ధారణ కాకుండా నోరు జారకూడదన్న నియమం పాటించాను. పక్కనే గుండుసూదితో గుచ్చిన హైదరాబాద్ రిపోర్టు: పారుడు రోగం, నిర్ధారణ అయింది. దాని మూలన నా పొడి సంతకం, 'ఫైల్' అన్న ఒక్క మాట.

తేదీ చూశాక గుర్తొచ్చింది. అది నన్ను గద్వాలకు బదిలీ చేసిన వారం. నాకంటే జూనియర్‌ను ఇక్కడ ఉంచి నన్ను పంపారు. ఆ వారమంతా ఆ అన్యాయం మీద పదకొండు పేజీల పిటిషన్ రాశాను. గద్వాలలో నేత పనివారి ఇంటి మీది గదిలో దిగి, కింద మగ్గాల చప్పుడు వింటూ మరో రెండు రాశాను. ఆ మూడింటి నకళ్లూ ఇప్పటికీ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. బీరయ్యకు రాయాల్సింది ఒక పోస్టుకార్డు.

యాదగిరి నా ముఖం చూసి, "రిజిస్టర్ పాతది సారూ, చెదలు వట్టిందని చెప్తే ఎవ్వలడుగుతరు" అన్నాడు. నా మీద ప్రేమతోనే అన్నాడు. రిజిస్టరు చంకలో పెట్టుకుని తిరిగి వెళ్లాను.

మధ్యాహ్నం సభలో ఆ పేజీ చదివాను. రిపోర్టు వచ్చిందని, నా దగ్గరే ఆగిందని, బీరయ్యకు చెప్పాల్సిన మనిషిని నేనేనని చెప్పాను. కారణం అడిగితే బదిలీ గొడవ అన్నాను. చంద్రమ్మ, "మంచిగ చెప్పినవ్. లేదంటే నీ జింకల ముచ్చట గీడనే బొంద వెట్టేదాన్ని" అని కూర్చుని, మళ్లీ లేచి రెండు షరతులు పెట్టింది. దుప్పి ముక్క తీసినప్పుడు పక్క మంద నమూనా కూడా తీయాలి, ఒక్కదాని మీదే నింద రాకుండా. రిపోర్టు వచ్చిన మూడు రోజుల్లోపు, ఏ ఆఫీసుకు పోయినా పోకున్నా, మంద దగ్గరికి వచ్చి తెలుగులో చదివి చెప్పాలి. రైతు సభ్యుడు మళ్లీ ఏదో అనబోతే ఆమె, "నీ కందిచేన్ల మా గొర్లను ఆపుకుంటవ్ గద ఎరువుకు? గవ్వి సస్తే నీ చేనుకు ఎరువు ఏడికెళ్లి తెస్తవ్, కూసో అన్నా" అంది. ఆయన కూర్చున్నాడు. అంశం ఆమోదం పొందింది. అడిగిన దానిలో సగమే ఇచ్చారు. బండి ఇచ్చారు, అది చాలు.

పది రోజుల్లో తాజా కళేబరం ఒకటి దొరికింది. బీటు అధికారి ఫోన్‌లోనే పంచనామా మొదలుపెట్టి, మేం చేరే వరకు కొమ్మలు కప్పి కాపలా ఉన్నాడు. ముందుగానే అంచుకు చేరిన ఒక చిన్న మందలో గొర్రెల ముక్కు స్రావం కూడా తీశాం. రెండింటిలోనూ పారుడు రోగమే. ఎవరి నుంచి ఎవరికి పోయిందో రిపోర్టు చెప్పలేదు; ఆ మాట కూడా ఉన్నదున్నట్టు చదివి వినిపించాను. మేతను ఎవరూ నిషేధించలేదు. టీకా వేయించి, మూడు వారాలు ఆగిన మందలనే అడవి అంచుకు రానిచ్చారు. ఆ మూడు వారాలూ చంద్రమ్మ నాకు రోజూ ఫోన్ చేసి తిట్టింది. "మేత లేక గొర్లు నీ పేరు జపిస్తున్నయ్ సారూ" అనేది. ఆగమన్నన్నాళ్లూ మాత్రం మందను కదిలించలేదు. ఆ వేసవి ఆమె మందలో పారుడు రాలేదు.

రిపోర్టు చదవడానికి వెళ్లిన రోజు తెలకపల్లి పొలిమేరలో మంద దిగి ఉంది. అక్కడా కుర్చీ లేదు. గొంగడి పరిచారు. బీరయ్యకు చూపు మందగించింది. కొత్త రిపోర్టు అయ్యాక పాతది తీసి, ఆయన పేరుతో సహా చదివాను. ఆయన చివరిదాకా విని, "గిదే రోగమా అప్పుడు గూడ?" అన్నాడు.

"ఇదే."

"అప్పటికి సూది మందు ఉండెనా?"

ఉండింది. అదే చెప్పాను.

"గా యేడు చెప్తే మరుసటేడు వేయించుకుంటుంటిమి. మరుసటేడు ఇంకా మూడు ఇరవైలు పోయినయ్." అంతే అన్నాడు. కోప్పడలేదు. కోప్పడితే నాకు సులువుగా ఉండేది. కోపానికి జవాబు రాయడం నాకు అలవాటు. కోడలు చంద్రమ్మ చల్ల తెచ్చింది. "రెండు చెంబులు తాగుతడు మామా, గుర్తుంది నాకు" అంది. రెండూ తాగాను.

ఇప్పుడు నేను వనపర్తిలో ఉంటున్నాను. శివరాత్రి ముందు ఆమె ఫోన్ చేస్తుంది. మొదటి మాట, "బతికే ఉన్నవా సారూ?" ఆ తర్వాత టీకాల సంగతి.

జింకల రోగాల మీద ప్రజల సొమ్ము ఖర్చుపెట్టాలా అని ఇప్పటికీ వాదన జరిగితే నన్ను అడుగుతుంటారు. పెట్టాలనే చెబుతాను. ఎంత పెట్టాలన్నది రెండో ప్రశ్న. తేలింది ఎవరికి, ఎన్ని రోజుల్లో చెబుతారన్నది మొదటిది. దానికి జవాబు లేని పథకాన్ని చంద్రమ్మలాంటివారు అడ్డుకుంటే, తప్పు వాళ్లది కాదు. మనం దాన్ని అజ్ఞానం అని రాసుకుంటాం. చాలాసార్లు అది జ్ఞాపకం.

పదవీ విరమణకు ముందు నమూనాల రిజిస్టరులో ఆరో గడి గీయించాను: 'యజమానికి తెలియజేసిన తేదీ'. పక్కన చిన్న గడి, 'ఆలస్యానికి కారణం'. మొదట నింపింది బీరయ్య పాత వరుసనే. తేదీ వేసి, కారణం దగ్గర 'అధికారి నిర్లక్ష్యం' అని రాసి సంతకం పెట్టాను. సర్వీసులో నేను రాసిన ఫిర్యాదులు చాలా ఉన్నాయి. చర్య తీసుకోబడింది నా మీద నేనే రాసుకున్న ఆ ఒక్కదాని మీదే. ఆ కుర్చీ సంగతి మీద రాసినదానికి ఇంతవరకు జవాబు రాలేదు.